టోపీ లేని ఎలుగుబంటి

పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసి పంపమని సంపాదకులు అడిగినప్పుడల్లా ఏదో ఒక నవల ముందేసుకుని కూర్చోవడం నాకు అలవాటు. ఈసారి నవల కాదు, ఒక ఎలుగుబంటి ఇల్లు. ఇల్లంటే మరీ ఇల్లు కాదు లెండి. దాని పేరు మీద ఒక చిన్న పార్కు, అందులో ఒక చిన్న మ్యూజియం, వెనకాల దాని సమాధి. అయినా అదీ ఒక కథే. మొదలూ, నడకా, కన్నీళ్లూ, చివర నీతీ అన్నీ ఉన్న కథ. ఆ కథ చెప్పిన తీరులో నాకెక్కడ నచ్చిందో, ఎక్కడ మింగుడుపడలేదో చెప్పాలని ఈ వ్యాసం.

మా తమ్ముడు అమెరికాలో ఎల్ పాసో అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. టెక్సాస్‌కి పడమటి కొసన, మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉండే ఊరు అది. ఆమధ్య వాళ్లింట్లో నెల్లాళ్లున్నాను. ఒక శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర, "అక్కా, రేపు నిన్నొక ఎలుగుబంటి దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు.

"జూకా?"

"కాదు. అది చచ్చిపోయి యాభై ఏళ్లు కావస్తోంది."

"మరి చూసేదేమిటిరా?"

"తాజ్‌మహల్ చూళ్లేదూ నువ్వు?" అన్నాడు. వాడితో వాదించి నేనెప్పుడూ గెలవలేదు.

మర్నాడు పొద్దున్నే మా మరదలు పులిహోర డబ్బా కారులో పెడుతూ, "శాలువా తెచ్చుకోండి వదినా, అక్కడ కొండ మీద చలి" అంది. దాదాపు మూడు గంటల ప్రయాణం. ఊరు దాటగానే న్యూమెక్సికో రాష్ట్రం. మొదట్లో అంతా ఎండిన నేలా, ముళ్లపొదలూ. అలమొగోర్డో ఊరి దగ్గర దూరంగా తెల్లటి ఇసకతిన్నెలు, ఎవరో ముగ్గు పోసి మర్చిపోయినట్టు. తర్వాత రోడ్డు కొండెక్కింది. పైన్ చెట్లు మొదలయ్యాయి. హాయిగా అద్దం దించుకుని కూర్చున్నాను.

ఆ హాయి రుయిడోసో అనే ఊరు వచ్చేదాకానే. 2024 జూన్‌లో ఆ ఊరిని కార్చిచ్చు కాల్చేసింది. పధ్నాలుగు వందల కట్టడాలు పోయాయట. కొండవాలున చెట్లు నిలబడే ఉన్నాయి గాని, నల్లగా, కొమ్మల్లేకుండా, అగ్గిపుల్లలు వెలిగించి ఆర్పి గుచ్చినట్టున్నాయి. ఒకచోట ఇల్లు లేదు, గుమ్మం ముందు మెట్లు మాత్రం ఉన్నాయి. మూడు మెట్లు ఎక్కితే ఏమీ లేదు. మా మేనకోడలు మూడో తరగతి చదువుతోంది. ఆ మెట్లకేసి చూసి, "ఇక్కడెవరో స్మోకీ చెప్పింది వినలేదు" అంది, మేష్టారిలా. ఆ మాట నా మనసులో పడి ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెబుతాను.

కాపిటాన్ చాలా చిన్న ఊరు. జనం పధ్నాలుగు వందలకి అటూ ఇటూ. వీధి పేరు స్మోకీ, మోటెల్ పేరు స్మోకీ. మన ఊళ్లల్లో గ్రామదేవత పేరు మీద కిళ్లీ కొట్టు దగ్గర్నుంచి కళ్యాణమండపం దాకా ఉంటాయి చూడండి, అలాగన్నమాట. పార్కు పక్కనే దుంగలతో కట్టిన చిన్న ఇల్లు ఒకటుంది. ఊరివాళ్లు స్మోకీ కోసం కట్టుకున్న పాత మ్యూజియం అది. ఇప్పుడున్న పార్కు 1979లో రాష్ట్ర అటవీశాఖ వాళ్లు తెరిచారు. టికెట్టు నామమాత్రం. లోపలికెళ్లగానే చిన్న సినిమా వేస్తారు, ఆపైన బొమ్మలూ, పోస్టర్లూ, వివరాలు రాసిన పలకలూ.

అక్కడి కథ ఇదీ. 1950 మే నెలలో, ఈ ఊరికి ఎదురుగా కనబడే కాపిటాన్ కొండల్లో, లింకన్ నేషనల్ ఫారెస్ట్‌లో చిచ్చు రేగింది. మనుషుల అజాగ్రత్తే కారణమన్నారు. గాలి తోడై పదిహేడు వేల ఎకరాలు కాలాయి. ఆర్పడానికి వెళ్లినవాళ్లలో కొందరు మంటల మధ్య చిక్కుకుపోయి, కొండ మీంచి జారిపడిన రాళ్లగుట్ట మీద బోర్లా పడుకుని, చిచ్చు తమని దాటిపోయేదాకా అలాగే ఉండి బతికి బయటపడ్డారు. ఆ తర్వాత కనబడింది ఎలుగుపిల్ల. కాలి నల్లబడిన చెట్టుని కరుచుకుని ఉంది. పాదాలూ, వెనక కాళ్లూ కాలిపోయాయి. తల్లి జాడ లేదు.

మొదట దానికి పెట్టిన పేరు హాట్‌ఫుట్ టెడ్డీ. మనం కాలు కాలిన పిల్లి అంటామే, ఆ మాదిరి పేరు. రే బెల్ అనే వన్యమృగ శాఖ ఉద్యోగి దాన్ని విమానంలో శాంటా ఫే తీసుకెళ్లి పశువైద్యుడికి చూపించాడు. తర్వాత ఇంటికే తెచ్చాడు. ఆయన భార్య రూత్, ఆ పసికూనకి పాలూ తేనే తాగించి, కట్లు మార్చి, నిలబెట్టింది. వాళ్ల చిన్నపిల్ల జూడీతో ఆ ఎలుగుపిల్ల దిగిన ఫోటో దేశమంతా పత్రికల్లో వచ్చింది. జూన్‌లో దాన్ని చిన్న విమానంలో వాషింగ్టన్ తరలించి అక్కడి నేషనల్ జూలో పెట్టారు. అడవులు తగలబెట్టకండి అని దేశానికి చెప్పే స్మోకీ అదే అయింది. అయిపోయింది కథ. చప్పట్లు.

చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి. పక్కన మా మరదలు ముక్కు తుడుచుకుంటోంది. కట్లు కట్టిన కాళ్లతో పిల్ల ఎలుగుని చూస్తే కరగనివాళ్లెవరు? కాని నవలలు రాసి చెడిపోయినదాన్ని, కన్నీళ్లు వచ్చినప్పుడల్లా ఎవరు తెప్పించారా, ఎలా తెప్పించారా అని వెనక్కి తిరిగి చూసే పాడు బుద్ధి ఒకటుంది నాకు.

వెనక్కి తిరిగి చూస్తే గోడ మీద పోస్టర్లున్నాయి. వాటి తేదీలు చూడండి. స్మోకీ పుట్టింది 1950లో కాదు, 1944 ఆగస్టులో. కాగితం మీద. అది యుద్ధకాలం. జపాను వాళ్లు కాలిఫోర్నియా తీరం మీద గుళ్లు పేల్చారు, అడవులు అంటుకుంటే కలప పోతుంది, ఆర్పే మగవాళ్లంతా సైన్యంలో ఉన్నారు. అంచేత జనాన్ని హెచ్చరించడానికి అటవీశాఖ వాళ్లు ప్రచారం పెట్టుకున్నారు. మొదట డిస్నీ వారి బాంబీ లేడిపిల్లని ఒక ఏడాదికి అరువు తెచ్చుకున్నారు. గడువు అయిపోతుంది కదా, సొంత బొమ్మ కావాలనుకుని ఎలుగుబంటిని ఎంచుకున్నారు. ఆల్బర్ట్ స్టేలీ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. నెత్తిన అటవీ ఉద్యోగి టోపీ, చేతిలో బకెట్టు, నెగడు మీద నీళ్లు పోస్తున్న ఎలుగు. పేరేమో న్యూయార్క్ అగ్నిమాపక దళంలో పేరుమోసిన 'స్మోకీ' జో మార్టిన్ అనే ఆయన దగ్గర్నుంచి తీసుకున్నారట. 1947కల్లా నినాదం కూడా కుదిరింది.

అంటే బొమ్మా, పేరూ, టోపీ, మాట్లాడవలసిన మాటలూ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, పిల్ల ఇంకా పుట్టలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు మనవాళ్లు. ఇక్కడ సోమలింగానికి ఆరేళ్లు నిండబోతుండగా కొడుకు దొరికాడు, అదీ కాళ్లు కాలి. హాట్‌ఫుట్ టెడ్డీ అన్న పేరు ఆ పిల్ల పడిన బాధలోంచి వచ్చింది. స్మోకీ అన్న పేరు ఆఫీసులోంచి వచ్చింది. పేరు మారిన రోజునే ఆ పిల్ల కథ ఆగిపోయి, పోస్టరు కథ దాని ఒంట్లో దూరింది. మ్యూజియంలో ఈ రెండు కథలూ ఉన్నాయి, ఏదీ దాచలేదు. కాని రెంటినీ ఎంత నేర్పుగా కలిపి కుట్టారంటే, కుట్టు ఎక్కడుందో పిల్లలకి తెలీదు. మా మేనకోడలికి తెలీలేదు. "ఈ పాపాయే పెద్దయ్యాక టోపీ పెట్టుకుంది" అని నాకు చెప్పింది. నిజం ఎలుగుకి టోపీ లేదు. అది వాషింగ్టన్‌లో మామూలు ఎలుగులాగే తిన్నది, పడుకుంది.

నేనిది తప్పు పట్టడానికి అర్హురాలినా? నేనూ ముందు నీతి అనుకుని తర్వాత పాత్రని వెతికినదాన్నే. ఆ సంగతికి వస్తాను.

ముందు నినాదం సంగతి. పెద్ద పోస్టరు ముందు నిలబడి మా మేనకోడలు, "అత్తా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. స్మోకీ వేలు మనకేసి చూపిస్తూ ఉంటాడు. ఓన్లీ యూ కెన్ ప్రివెంట్ ఫారెస్ట్ ఫైర్స్. నేను నోరు తెరిచి ఆగిపోయాను. 'యూ' అంటే నువ్వా, మీరా? ఇంగ్లీషుకి ఆ బాధ లేదు, ఒక్క మాటతో పని కానిచ్చేస్తుంది. 'మీరు మాత్రమే అడవి మంటలు ఆపగలరు' అంటే ఊరంతటినీ ఉద్దేశించినట్టు, మర్యాదగా, కాస్త సభలో ఉపన్యాసంలా ఉంది. 'నువ్వొక్కదానివే ఆపగలవు' అంటే ఆ వేలు నేరుగా ఎనిమిదేళ్ల పిల్ల ఛాతీ మీద దిగబడుతోంది. రెండోదే సరైన అనువాదం, సందేహం లేదు. ఆ వేలు ఏకవచనం.

నువ్వొక్కదానివే అన్న మాట నేను చిన్నప్పుడు బాగా విన్నాను.

1988లో, నాకు ఏడేళ్లప్పుడు, తెనాలిలో మా అమ్మమ్మగారింట్లో మా పిన్నికి ఒళ్లు కాలింది. పంపు స్టవ్వు. నైలెక్స్ చీర. కొత్తగా పెళ్లయి పండక్కి పుట్టింటికి వచ్చింది. ప్రాణం దక్కింది గాని రెండు చేతులూ మోచేతుల దాకా, మెడకి ఒకపక్కా కాలాయి. ఆ తర్వాత మా ఇళ్లల్లో ఆడపిల్ల వంటింట్లోకి అడుగుపెడితే చాలు, పిన్ని కథ మొదలయ్యేది. "పైట బొడ్లో దోపుకో. స్టవ్వు దగ్గర ధ్యాస పెట్టాలి. మీ పిన్ని చూడు ఏమైందో." సెలవులకి అందరం చేరినప్పుడు మా అమ్మమ్మ పిన్నిని పిలిచి, "ఏదే, ఆ చేతులు ఓసారి పిల్లలకి చూపించు" అనేది. పిన్ని చీరకొంగు తొలగించి చూపించేది. మేం చూసి జడుసుకునేవాళ్లం. చూపించాక మళ్లీ కొంగు కప్పుకుని వెళ్లి బియ్యం ఏరుకునేది. ఆవిడని ఎవరైనా, అమ్మాయ్, నీకు చూపించడం ఇష్టమేనా అని అడిగారా? నేను వినలేదు.

ఆ హెచ్చరిక వల్ల మాకు మేలు జరగలేదా అంటే జరిగింది. మా తరంలో ఎవరికీ ఒళ్లు కాలలేదు. ఈ మాట ఒప్పుకోకపోతే అన్యాయం. కాని నాకు ఇరవై ఏళ్లు దాటాక మా అమ్మ చెప్పింది, ఆ స్టవ్వు బర్నరు దగ్గర కిరసనాయిలు కారడం రెండు నెలల ముందు నుంచీ ఉందట. వాషరు మార్పించమని అమ్మమ్మ అడుగుతూనే ఉంది. తాతయ్య రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నారు. ఈ వాషరు ముక్క కథలో ఎప్పుడూ లేదు. కథలో పిన్ని పైటే ఉంది.

నా మూడో నవలలో ఒక అమ్మాయి పాత్రకి పిన్ని చేతులు పెట్టాను. ఏడో ప్రకరణంలో ఆ అమ్మాయిని చంపాను కూడా. పాఠకులు ఉత్తరాలు రాశారు, ఏడ్చామని. ఆ నవల్లోనూ వాషరు లేదు. పెట్టాలని తోచలేదో, పెడితే కన్నీళ్లు పలచబడతాయని భయపడ్డానో, ఇప్పుడు నిజాయితీగా చెప్పలేను. పిన్ని చదివి, "చంపేశావుటే నన్ను" అని నవ్వింది. అంతే.

అంచేత ఆ మ్యూజియంలో నేను వాషరు కోసం వెతికాను.

ఉంది. ఒక గోడ మీద ఉంది. అడవి ఆరోగ్యం గురించీ, నిప్పుకీ అడవికీ ఉన్న సంబంధం గురించీ చెప్పే భాగం అది. బొమ్మల దగ్గరున్నంత రద్దీ అక్కడ లేదు. నేను మాత్రం ఎక్కువసేపు అక్కడే నిలబడ్డాను. అక్కడ చదివిందీ, తర్వాత ఇంటికొచ్చి చదువుకున్నదీ కలిపి చెబుతాను. ఈ కొండల్లో పాండెరోసా అనే పైన్ చెట్టు ఉంటుంది. దాని బెరడు మందం. చిన్న చిన్న మంటలు నేలబారున పాకి, ఎండాకునీ తుప్పనీ కాల్చి పోతుంటే ఆ చెట్టుకేమీ కాదు. మెరుపు వల్ల అలాంటి మంటలు కొన్నేళ్లకొకసారి వస్తూనే ఉండేవి. అవి అడవికి చీపురు లాంటివి. 1935లో అటవీశాఖ వాళ్లు ఒక నియమం పెట్టారు, ఎక్కడ ఏ మంట కనబడినా మర్నాడు పొద్దున్న పది గంటలకల్లా అదుపులో ఉండాలని. చీపురు పని ఆగిపోయింది. దశాబ్దాల తరబడి తుక్కు పేరుకుంది, చెట్లు ఒకదాన్నొకటి తోసుకునేంత ఒత్తుగా పెరిగాయి. ఇప్పుడు ఎండలు ముదిరి, వానలు తగ్గాక, ఒకసారి అంటుకుంటే నేలబారున పాకదు, చెట్ల నెత్తిమీద నడుస్తుంది.

ఆ నియమం స్మోకీ పెట్టింది కాదు, అది పుట్టకముందుది. ఎలుగు నెత్తిన ఆ పాపం పెట్టకూడదు. కాని నిప్పంటే చెడ్డదే అని మూడు తరాల పిల్లలకి నేర్పిన గొంతు దానిదే. 2001లో నినాదంలో ఒక్క మాట మార్చారు. 'ఫారెస్ట్ ఫైర్స్' తీసి 'వైల్డ్ ఫైర్స్' అన్నారు. గడ్డి మంటలూ పొద మంటలూ కూడా కలుస్తాయని ఒక కారణం. అడవి బాగు కోసం అధికారులే పద్ధతిగా పెట్టే మంట వేరు, అదుపు తప్పినది వేరు అని చెప్పడం ఇంకో కారణం. నాబోటి విమర్శకురాలికి ఇంతకంటే ఆసక్తికరమైన దిద్దుబాటు ఏముంటుంది? యాభై నాలుగేళ్ల తర్వాత రచయిత తన పేరుమోసిన వాక్యంలో ఒక మాట కొట్టేశాడు. కాని 'ఓన్లీ యూ' మాత్రం అలాగే ఉంచాడు.

ఇది ఉత్త మాటల పట్టింపు కాదు. 2012 జూన్‌లో ఇదే లింకన్ ఫారెస్ట్‌లో, రుయిడోసో దగ్గర, ఒక మెరుపు పడి మంట పుట్టింది. నాలుగు రోజులు చిన్నగా ఉండి, గాలికి ఒక్కసారి విజృంభించి 240కి పైగా ఇళ్లని మింగింది. దానికి పెట్టిన పేరు లిటిల్ బేర్ ఫైర్. ఎంత క్రూరమైన యాదృచ్ఛికమో చూడండి. ఏ పిల్లవాడూ అగ్గిపుల్ల గీయలేదు. ఇక 2022లో ఇదే రాష్ట్రంలో ఉత్తరాన, తుక్కు తగ్గించడానికి అటవీశాఖ వాళ్లు తామే పెట్టిన రెండు మంటలు చెయ్యిదాటి, కలిసిపోయి, 3,41,000 ఎకరాలు కాల్చాయి. న్యూమెక్సికో చరిత్రలో అంత పెద్ద చిచ్చు లేదు. అక్కడ ఇళ్లు పోయినవాళ్లకి స్మోకీ వేలు చూపించి 'నువ్వొక్కదానివే' అంటే ఎలా ఉంటుంది?

మనుషుల అజాగ్రత్త వల్ల మంటలు రావడం లేదని కాదు, చాలానే వస్తాయి. నెగడు ఆర్పి రమ్మని పిల్లలకి చెప్పాల్సిందే. నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ గోడ ఈ పోస్టరుతో మాట్లాడదు. ఒకే గదిలో ఉండి, అలిగిన తోటికోడళ్లలా, ఎవరి మొహం వాళ్లు తిప్పుకుని ఉన్నాయి. ఆ ఎలుగే కాస్త తల వంచి, ఇన్నాళ్లూ నేను చెప్పింది సగమేనర్రా, మిగతాది ఆ గోడ మీద ఉంది అంటే ఎంత బాగుండేది! పిల్లలు ఆ మాట మోయగలరు. మోయలేనిది ఒంటరి నేరమే. కారులో మా మేనకోడలు ఆ మెట్లని చూసి అన్న మాట నాకెందుకు గుచ్చుకుందో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. ఇల్లు పోయినవాళ్ల గుమ్మం ముందు ఆ పిల్లకి మొదట తోచింది, తప్పెవరిదా అని.

నాకు బాగా నచ్చిన భాగం పార్కే. బయట చిన్న బాట వేశారు. న్యూమెక్సికోలో ఎడారి దగ్గర్నుంచి ఎత్తయిన కొండల దాకా ఆరు రకాల నేలల్లో పెరిగే మొక్కల్ని వరసగా పెంచారు. అక్కడ ఎవరూ ఏమీ బోధించరు. నడుస్తూ ఉంటే మొక్క మారుతూ ఉంటుంది, అంతే. ఊరి పాత రైల్వే స్టేషను కూడా ఆ ఆవరణలోనే ఉంది, దాన్ని చూసీ చూడనట్టు దాటేశాం, ఆకలేస్తోంది. చెట్ల కింద బల్ల మీద పులిహోర తిన్నాం.

బాట పక్కన సమాధి. పెద్ద రాయి, దానికో ఫలకం. దాని మీద రాసినదాన్ని బట్టి, అక్కడ నిద్రిస్తున్నది 'మొట్టమొదటి బతికున్న స్మోకీ'. నేను రెండుసార్లు చదివాను. సమాధి మీద బతికున్న అన్న మాట! రాసినవాళ్ల ఉద్దేశం తెలుసు, కాగితం స్మోకీ కాదు, ప్రాణమున్న స్మోకీ అని. కాని ఆ మ్యూజియం మొత్తంలో నాకు నిజమనిపించిన మాట అదొక్కటే, పొరపాటున దొర్లిన నిజం. మొట్టమొదటి అంటే తర్వాత రెండోది కూడా ఉందన్నమాట. ఉంది. అదీ చెబుతాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి కథ మన ఇళ్లల్లో కథలాగే ఉంటుంది.

స్మోకీ వాషింగ్టన్ జూలో ఇరవయ్యారేళ్లు బతికింది. దానికి వారానికి వేల ఉత్తరాలు వచ్చేవి. 1964లో దానికంటూ ప్రత్యేకంగా పిన్‌కోడ్ ఇచ్చారు, 20252. ఇంతకుముందే, 1952లో, దాని పేరూ బొమ్మా ఎవరు పడితే వాళ్లు వాడుకోకూడదని చట్టం చేశారు. పేరుకి రక్షణ ఉంది. మరి 1962లో దానికొక పెళ్లాన్ని తెచ్చారు. గోల్డీ. న్యూమెక్సికో పిల్లే, పుట్టింటి సంబంధం. జాంబవంతుడి కూతురు జాంబవతికి కూడా అంత ఆర్భాటం జరిగిందో లేదో. స్మోకీ కొడుకు స్మోకీ అవుతాడని పెద్దల ఆశ. ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. 1971లో లింకన్ అడవి నుంచే ఒక అనాథ ఎలుగుపిల్లని తెచ్చి, దత్తత అన్నారు, లిటిల్ స్మోకీ అని పేరు పెట్టారు. గోల్డీకి ఇదంతా ఎలా అనిపించిందో చెప్పేవాళ్లు లేరు. ఎలుగుబంటికి ఇవన్నీ తెలుస్తాయా అంటారేమో, తెలియవు. తెలియనిదాని చుట్టూ మనుషులు తమ సంసారాన్ని ఎంత ముచ్చటగా అల్లుకున్నారో చూడండి.

1975 మే 2న స్మోకీకి రిటైర్‌మెంట్ ఇచ్చారు. ఎలుగు వయసుని మనిషి వయసులోకి మారిస్తే డెబ్బయ్యేళ్లు, అది అప్పట్లో అక్కడి ప్రభుత్వోద్యోగులు తప్పనిసరిగా విరమించవలసిన వయసు. మా మామగారు యాభై ఎనిమిదికే ఇంటికొచ్చేశారు, ఎలుగే నయం. పదవి దత్తపుత్రుడికి వెళ్లింది. 1976 నవంబరు 9న స్మోకీ చచ్చిపోయింది. ఒక పెద్ద పత్రిక దాన్ని న్యూమెక్సికో నుంచి వచ్చి రాజధానిలో చాలాకాలం సర్కారు కొలువు చేసిన ఉద్యోగిగా వర్ణిస్తూ, సరదాగా సంతాపం రాసింది. అప్పుడు తెచ్చారు దాన్ని తిరిగి ఇక్కడికి, ఏ కొండల్లో దొరికిందో ఆ కొండలకి ఎదురుగా.

నేనే ఈ కథ రాస్తే ఆ ఇరవయ్యారేళ్లే రాసేదాన్ని. మంటల్లో గడిచినది కొన్ని గంటలు. బెల్ గారింట్లో కొన్ని వారాలు. మిగతా జీవితమంతా ఇనప చువ్వల వెనక. సినిమా మాత్రం మంటల దగ్గరే ఉండిపోతుంది. అవును మరి, అక్కడే కదా కన్నీళ్లున్నది. రెండోసారి రాస్తే నేనూ పిన్ని ముప్ఫై ఏడేళ్ల గురించే రాయాలి, ఆ ఒక్క సాయంత్రం గురించి కాదు.

బయటికొస్తుంటే మా మేనకోడలు బొమ్మ కావాలంది, టోపీ పెట్టుకున్నది. కొన్నాను. ఆ టోపీ ఊడదీయడానికి వస్తుంది, కారెక్కిన పది నిమిషాల్లో ఊడింది, సీటు కిందికి వెళ్లిపోయింది, వెతికినా దొరకలేదు. టోపీ లేకుండానే దాన్ని పక్కన పడుకోబెట్టుకుని నిద్రపోయింది పిల్ల.

ఆ రాత్రి, ఇక్కడ తెల్లవారి ఉంటుందని లెక్క చూసుకుని, తెనాలి ఫోన్ చేశాను. పిన్ని అప్పుడే కాఫీ కలుపుకుంటోంది. కబుర్లలో కబురుగా ఎలుగు కథ మొదట్నుంచీ చెప్పాను, చెట్టూ, విమానం, ఉత్తరాలూ, పిన్‌కోడూ, అన్నీ. మధ్యలో అడ్డు రాకుండా విన్నది. ఇంతమందికి పనికొచ్చింది పాపం అంటుందనుకున్నాను.

"కాళ్లు నయమయ్యాయా దానికి?" అంది.

"నయమయ్యాయి పిన్నీ. కొద్ది వారాల్లోనే."

"పైకి నయమవుతాయిలే" అంది. "చలికాలంలో చర్మం లాగుతూ ఉంటుంది. ఆ ఊళ్లో చలెక్కువా?"

వాషింగ్టన్‌లో మంచు పడుతుందని చెప్పాను.

"అయితే లాగే ఉంటుంది" అంది పిన్ని. స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.